రెండో పల్లవి

అబ్దుల్ సలాం గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేవాళ్ళుండే మనిషి కాడతను. ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలల్లే మగ్గాలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి, వాటిలో ఒక ఇంటివాడు. అతని పేరు అచ్చులో పడింది ఒక్కసారే, ఇంటర్మీడియెట్ పరీక్షకు కూర్చోబోయేవాళ్ళ జాబితాలో. తీరా ఆ పరీక్షకు అతను కూర్చోలేదు. నేను కూర్చున్నాను, తప్పాను. ఇద్దరం చివరికి ఒకే మెట్టు మీద ఆగిపోయాం గనక అతని సంగతి చెప్పే అర్హత నాకుందనుకుంటున్నాను.

నా పేరు సూర్యప్రకాశరావు. పెంటపాడులో వ్యవసాయం. అంటే పొలం నాది, చేసేవాళ్ళు వేరు. నేను గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి సలహాలు చెబుతాను, వాళ్ళు నవ్వు ఆపుకుని తమ పద్ధతిలో తాము చేసుకుంటారు. ఏలూరు కోర్టులో మాకో కాలవ నీళ్ళ తగాదా పధ్నాలుగేళ్ళుగా నడుస్తోంది. దాని పేరు చెప్పి నెలకోసారి తాడేపల్లిగూడెంలో రైలెక్కి, కోర్టులో పావుగంట, సలాం ఇంట్లో పూటంతా గడిపి వస్తుంటాను. ఆ తగాదా తెగకుండా ఉండడమే నాకిష్టమని మా ఆవిడ అంటుంది. ఆవిడ సాధారణంగా తప్పు మాట్లాడదు.

సలాంతో నా స్నేహం పందొమ్మిదివందల ఇరవైమూడులో బందరులో మొదలైంది. కాలేజీకి చదువుకోవడానికే వెళ్ళాం. కాని వెళ్ళిన రెండో నెలలో ఒక నాటకాల కంపెనీ వచ్చి ఊరి చివర పాక వేసింది. ఇక మా చదువు పగటిపూట నిద్రపోయింది. రాత్రి భోజనాలు కాగానే హాస్టలు గోడ దూకి, పెట్రోమాక్సు వెలుగు కనబడేదాకా ఇసకలో నడిచి, అణా టిక్కెట్టు చాప మీద కూర్చునేవాళ్ళం. నాటకం ఎప్పుడూ ఒక్కటే. మేము వెళ్ళేది నాటకం కోసం కాదు, ఒక్క పాట కోసం. ఆడవేషం వేసే చిట్టిబాబు మూడో అంకంలో పాడేవాడు: "తెర దించకు సామీ, తెల్లవారనీ."

ఈ పాట గొప్పదేమీ కాదు. ఆ మాటలు రాసినవాడెవడో వాడికే గుర్తుండి ఉండదు. గొప్పదనమంతా చిట్టిబాబు పల్లవి రెండుసార్లు పాడడంలో ఉంది. మొదటిసారి అందరిలాగే పాడేవాడు. జనం ఈలలు వేసేవారు. రెండోసారి "తెర దించకు" అని ఆగి, ఒక్క ఊపిరి పట్టేంతసేపు ఏమీ అనకుండా ఉండి, "సామీ" అన్న మాటను ఎక్కడో కిందికి, చిన్న విరుపుతో దించేవాడు. పాకలో ఒక్కడు దగ్గితే ఒట్టు. ఆ విరుపు పట్టుకోవాలని మేమంతా గొంతులు చించుకున్నాం. పట్టుకున్నవాడు సలాం ఒక్కడే.

తిరిగి వచ్చేసరికి రెండు దాటేది. గేటు దగ్గర క్రీస్తుదాసని ముసలి వాచ్‌మన్ ఉండేవాడు. రిపోర్టు చేస్తానని బెదిరించేవాడు. ఆ బెదిరింపు అర్థం మాకు తెలుసు.

"పాడండి బాబూ, మెల్లిగా. రెండోది పాడితేనే తలుపు తీస్తానండి" అనేవాడు.

సలాం గేటు ఊచలు పట్టుకుని సన్నని గొంతుతో పాడేవాడు. ముసలివాడు కళ్ళు మూసుకుని విని తాళం తీసేవాడు. అలా ఒక ఏడాది. నా జీవితంలో మంచి ఏడాది అదేనని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసి చేసేదేమీ లేదు.

రెండో ఏడు పరీక్ష ముందు సలాంకు ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. తండ్రి ఇమాం సాహెబ్‌కు చూపు పోయిందని. పూర్తిగా కాదు, మనిషి ఆనవాలు తెలుస్తుంది, గళ్ళ కాగితం మాత్రం తెలియదు. తివాచీల ఇంట్లో గళ్ళ కాగితం కనబడకపోతే మగ్గం ఆగినట్టే.

అది ఎలాగో చెప్పాలి. నిలువు మగ్గం ముందు ఐదుగురు పనివాళ్ళు ఒకే పలక మీద వరసగా కూర్చుంటారు. పైనుంచి కిందికి బిగించిన దారాలకు ఉన్నితో ముడి మీద ముడి వేస్తూ పోతారు. ఏ ముడి ఏ రంగో గళ్ళ కాగితం మీద ఉంటుంది. కాని కాగితం వాళ్ళ చేతిలో ఉండదు. వెనకాల ఒకడు కూర్చుని చదువుతాడు: "ఎరుపు మూడు, పచ్చ ఒకటి, నీలం రెండు." ఐదుగురూ ముళ్ళు వేసి "అయింది" అంటారు. అందరి ముందూ ఒకే పువ్వు లేస్తుంది గనక ఒక్క కేక అందరికీ చాలు. వరస పూర్తయితే అడ్డదారం తోసి ఇనప దువ్వెనతో దిగగొడతారు. అల్లేవాడికి తన వేళ్ళే తప్ప పువ్వు కనబడదు. చదివేవాడు పొరబడితే ఐదుగురూ పొరబడతారు. నలభై ఏళ్ళలో ఇమాం సాహెబ్ చదివిన తివాచీ ఒక్కటీ తిరిగి రాలేదు. ఆయనకు ఆస్తి అంటే అదే.

సలాం వచ్చి తండ్రి చోట కూర్చున్నాడు. మొదటి ఏడాది చదవడం నానా కష్టమైంది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పనివాళ్ళకు కునుకు, చదివేవాడికీ కునుకు. పువ్వు భాగం మరీ చిక్కు. అక్కడ కాగితం మీద ఒక్కో గడికి మగ్గం మీద రెండేసి వరసలు అల్లాలి, లేకపోతే పువ్వు గుండ్రంగా రాదు. ఇది మొదటి వరసా రెండోదా అని ఐదుగురూ రోజుకు పదిసార్లు అడిగేవారు.

ఒక వానాకాలపు మధ్యాహ్నం, కొల్లేటి గాలికి ఉన్ని చెమ్మగిల్లి ముళ్ళు బిగియక అందరూ విసుక్కుంటూంటే, సలాం తెలియకుండానే రంగుల్ని ఆ పాట వరసలో అన్నాడు. మొదటి వరసకు మొదటి పల్లవి. అవే రంగులు మళ్ళీ వచ్చే రెండో వరసకు, విరుపుతో దిగే రెండో పల్లవి. ఆకులూ తీగలూ వచ్చేచోట చరణం. వరస అయ్యేదాకా రాగం సాగదీసేవాడు. గొంతు దిగిందంటే అది రెండో వరస, ఎవరూ లెక్క పెట్టుకోనక్కరలేదు. ఆ పూట ఎవరికీ నిద్ర రాలేదు.

వసారాలో నులకమంచం మీద కూర్చున్న ఇమాం సాహెబ్ సాయంత్రం కొడుకును పిలిచారు. పెద్ద పనివాడు మదార్ ఆ మాటలు నాకు తర్వాత అప్పజెప్పాడు.

"ఏమిరా, నాటకం ఆడుతున్నావా?"

"లేదు బాబా. పని సాగుతోంది."

"తివాచీ చెవితో అల్లేది కాదురా. సరే, సాగుతోందంటున్నావు గదా, పాడుకో. కాని ఒక్క మాట. ఆ పాట మూలంగా ఒక్క పువ్వు చెడిందంటే ఆ రోజుతో పాట సరి. మళ్ళీ నా మగ్గం దగ్గర వినబడకూడదు."

"అలాగే బాబా" అన్నాడు సలాం.

పదకొండేళ్ళు ఒక్క పువ్వు చెడలేదు. పెళ్ళయింది, జైనబ్ కాపరానికి వచ్చింది, ముగ్గురు పిల్లలు పుట్టారు. కంపెనీ పాక బందరునుంచి లేచిపోయింది, టాకీలు వచ్చాయి. నేను నెలకోసారి వెళ్ళి మగ్గం గదిలో గోడకు జారగిలబడి ఆ రెండో పల్లవి వినేవాణ్ణి. అందులో పాట మాటలు లేవు. "నీలం రెండు" అని ఆగి, ఊపిరి పట్టి, "ఎరుపూ" అని దించేవాడు. నాకు మాత్రం ఇసకా, పెట్రోమాక్సూ, గేటు ఊచలూ అన్నీ వచ్చేవి. ఇంత హాయి ఉచితంగా దొరుకుతున్నప్పుడు మనిషి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు.

ముప్పైఆరులో బెజవాడలో ఒక అంగట్లో గ్రామఫోను ప్లేటు చూశాను. మీద చిట్టిబాబు పేరు, కింద మా పాట. నాకు పిచ్చెక్కినంత పనైంది. ప్లేటూ కొన్నాను, పెట్టే కొన్నాను, ఇంట్లో నాలుగు మాటలు పడ్డాను, తరవాతి వాయిదాకు రెండూ మోసుకుని తంగెళ్ళమూడి చేరాను. మధ్యాహ్నపు విరామంలో మగ్గం గది గుమ్మంలో పెట్టె పెట్టి, కీ ఇచ్చి, ముల్లు ఆనించాను. చిట్టిబాబు గొంతు కాస్త ముదిరింది గాని అతనే.

పనివాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. మదార్ అయితే, "ఇది మన పువ్వు పాటేనండీ! దీనికి మాటలు కూడా ఉన్నాయాండీ?" అన్నాడు.

సలాం తల వంచుకుని చివరిదాకా విని, "రెండో పల్లవి లేదేమోయ్?" అన్నాడు.

"ప్లేటులో మూడు నిమిషాలే పడుతుందటోయ్. కత్తిరించేశారు."

"అసలుది కత్తిరించారు" అని నవ్వాడు. నవ్వాడు గాని, మళ్ళీ వెయ్యమన్నాడు. ఆ పూట మూడుసార్లు వేశాం. వెళ్ళేటప్పుడు పెట్టె అక్కడే వదిలాను. వచ్చే నెల తీసుకుపోతాను, అందాకా ఇంట్లో వాళ్ళు వింటారని. నా ఔదార్యానికి నేనే మురిసిపోయాను. జైనబ్‌కు ఆ ప్లేటు ఎంతో నచ్చిందట. రోజూ సాయంత్రం వేయించుకుని వినేదట.

నెల తిరక్కుండానే వెళ్ళాను. మగ్గం గదిలో అల్లికా లేదు, పాటా లేదు. పనివాళ్ళు ఐదుగురూ వేసిన ముళ్ళు ఒక్కొక్కటీ పీకుతున్నారు. వాళ్ళ మధ్య సలాం కూడా కూర్చుని పీకుతున్నాడు. నన్ను చూసి "కూర్చో" అన్నాడు, అంతే. మదార్ నన్ను బయటికి తీసుకొచ్చి చెప్పాడు.

"మొన్న మంగళవారమండీ. పువ్వు ఎత్తుకున్నాం. సలాం బాబు మొదటి పల్లవి పాడి, రెండోది లేకుండా తరవాతి గడికి వెళ్ళిపోయారండి. ప్లేటులో లాగానండి. మేం పాట వెంట పోయాం. ఒకసారి కాదండి, ఆ పూటంతా అలాగే, మర్నాడూ అలాగే. ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు."

"మరి ఎవరు కనిపెట్టారు?"

"పెద్దాయనేనండి. చూపు లేదు గదండీ, సాయంత్రం వచ్చి అరచేత్తో తడిమారు. పువ్వు జానెడు ఉండాలి, సగానికే అయిపోయింది. 'దీని మీద ఎవరు కూర్చున్నార్రా' అన్నారండి. ఇంకేమీ అనలేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నాకోసమే పుట్టిందని ఆ రోజు తెలిసింది. వెంటనే వసారాలోకి వెళ్ళి ఇమాం సాహెబ్ మంచం పక్కన నిలబడ్డాను.

"సాహెబు గారూ, తప్పంతా నాదండీ. ఆ పెట్టె తెచ్చింది నేను. సలాంను ఏమీ అనకండి."

"కూర్చోండి బాబూ. వాణ్ణి నేనేమీ అనలేదండి."

"పాట ఆపించేశారటగా?"

"నేను ఆపలేదండి. పదకొండేళ్ళ కిందట వాడే ఒప్పుకున్నాడు. మీ తప్పేముందండీ? పెట్టె పాడుతుంది, దాని పని అది. వాడి పని వాడిది." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలడానికి వీలుండేది. "తివాచీ నాలుగురోజులు ఆలస్యంగానైనా చక్కగా పోతుందండి. ఆ పువ్వు మాత్రం నా చేతి కింద అలాగే ఉంది."

పెట్టెనూ ప్లేటునూ తీసుకుని వచ్చేశాను. రైలులో ఎవరో "అది పాడుతుందాండీ?" అని అడిగారు. చెడిపోయిందని చెప్పాను.

ఆ తరవాత పదిహేను నెలలు సలాం తన తండ్రి చదివినట్టే చదివాడు. "మొదటి వరస. ఎరుపు మూడు, పచ్చ ఒకటి. అయిందా? రెండో వరస. ఎరుపు మూడు, పచ్చ ఒకటి." తప్పు ఒక్కటీ రాలేదు. పని కొంత నిదానించింది, అంతకంటె లోకం ఏమీ మునగలేదు. అతను నన్ను ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. నేను మాత్రం ఆ గదిలో ఎక్కువసేపు కూర్చోలేకపోయేవాణ్ణి. ఈలోగా ఆ ప్లేటు ఊరంతా పాకింది. కాలవ వంతెన దగ్గర కాఫీ హోటల్లో అదే, పెళ్ళివారి విడిదిలో అదే. ఆకివీడులో మా చెల్లెలింటికి వెళ్తే అక్కడా అదే. మూడు నిమిషాల పాట, ఒకటే పల్లవి.

కిందటి సంవత్సరం మాఘమాసంలో వెళ్ళినప్పుడు ఇమాం సాహెబ్ నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆయన బాగా తగ్గిపోయారు. వేళ్ళు మాత్రం దుప్పటి అంచు మీద ముళ్ళు వేస్తున్నట్టు కదులుతూనే ఉన్నాయి.

"బాబూ, నాకో సాయం చెయ్యాలండి."

"చెప్పండి."

"నా మాట నేను తీసేసుకున్నానని వాడికి చెప్పండి. పాడుకోమనండి."

"మీరే చెప్పచ్చు గదండీ?" అన్నాను.

"తండ్రిని గదండీ, నా నోటితో రాదు. మీరు సావాసగాళ్ళు." ఆయన మగ్గం గది వైపు తల తిప్పారు. "పొద్దస్తమానం ఇక్కడ కూర్చుంటానండి. కనబడేదేమీ లేదు. మొన్నటిదాకా వినబడేది. పువ్వు లేస్తున్నప్పుడు నాకు తెలిసేదండి. ఇప్పుడు వాడు లెక్కలు అప్పజెబుతున్నట్టుంది, లోపల ఏం అల్లుతున్నారో తెలియడం లేదు."

నేను దాదాపు పరిగెత్తాను. నా జన్మలో ఎవరికైనా తీసుకెళ్ళిన మంచి కబురు అదొక్కటే. సలాం విని చాలాసేపు కాగితం వైపే చూశాడు. మదార్ కళ్ళు తుడుచుకున్నాడు. మిగతా నలుగురూ సర్దుకుని కూర్చున్నారు. అదృష్టం కొద్దీ అప్పుడే పువ్వు మొదలవుతోంది.

సలాం గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. పదిహేను నెలలు పాడని గొంతు మొదట బొంగురుగా వచ్చి, తరవాత చక్కబడింది. మొదటి పల్లవి పూర్తయింది. "అయింది" అన్నారు ఐదుగురూ, ఎప్పుడూ లేనంత గట్టిగా. దువ్వెన దెబ్బ పడింది. సలాం మళ్ళీ ఎత్తుకున్నాడు. "నీలం రెండు" అన్నాడు, ఆగాడు. ఆగిన తరవాత వచ్చింది మొదటి పల్లవే. తల విదిలించి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి చరణంలోకి వెళ్ళిపోయాడు. పనివాళ్ళు ఉన్ని పట్టుకుని ఉన్నవాళ్ళు ఉన్నట్టే కూర్చున్నారు.

"రెండోది ఎలా దిగేదోయ్?" అన్నాడు నావైపు తిరిగి.

నాకు తెలియకపోవడమేమిటి! ఆ ఒక్క విరుపు కోసం పదకొండేళ్ళు రైలెక్కినవాణ్ణి. నోరు తెరిచాను. నోట్లోంచి కాఫీ హోటల్లో ప్లేటు పాటే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను. ఇంకొంచెం స్పష్టంగా అదే వచ్చింది.

"మదార్, నువ్వు చెప్పు. నీ చెవి కిందే గదా పాడాను."

మదార్ కళ్ళు మూసుకుని, వేళ్ళు గాలిలో ఆడిస్తూ, "నీలం రెండండీ... తరవాత ఎరుపండీ" అన్నాడు. "రంగులు వస్తున్నాయండి. గొంతు రావడం లేదండి."

మిగతా నలుగురూ ఒకరి తరవాత ఒకరు కాస్త కాస్త అని చూశారు, ఊరుకున్నారు. బందరులో క్రీస్తుదాసు ఎప్పుడో పోయాడు. చిట్టిబాబుకు ఉత్తరం రాద్దామా అన్నాను. రాస్తే మాత్రం కాగితంలో ఏమని రాస్తాడన్నాడు సలాం. గళ్ళ కాగితం మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు.

"రెండో వరస. నీలం రెండు, ఎరుపు ఒకటి" అని చదివాడు. పనివాళ్ళు ముళ్ళు వేశారు.

నాకు ఏడుపొచ్చింది. ముప్పైనాలుగేళ్ళవాణ్ణి, పిల్లల తండ్రిని, అక్కడ ఉండలేక వసారాలోకి వచ్చేశాను. ఇమాం సాహెబ్ గుమ్మం వైపు చెవి పెట్టి ఉన్నారు.

"ఆపేశాడేమండీ?"

"రెండో పల్లవి రావడం లేదండీ. అతనికీ రాలేదు, నాకూ రాలేదు. ఎవరికీ గుర్తు లేదండీ. నా ప్లేటు తినేసింది" అన్నాను.

ముసలాయన ఆశ్చర్యపోయారు. "గుర్తు లేకపోవడమేమిటండీ? నాకుందండి. పదకొండేళ్ళు విన్నాను గదా. ఆ ఆగడం, ఆ దిగడం, ఉన్నదున్నట్టు చెవిలో ఉందండి."

నేను ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. "అయితే పాడండి సాహెబు గారూ. ఒక్కసారి అనండి చాలు, సలాం పట్టేసుకుంటాడు."

ఆయన నోరు తెరిచారు. లోపలినుంచి గాలి వచ్చింది, తరవాత దగ్గు వచ్చింది. మరోసారి తెరిచారు.

"నాకు పాట రాదండి బాబూ" అన్నారు. "జన్మలో ఎప్పుడూ పాడలేదండి."

లోపల సలాం తరవాతి గడికి రెండో వరస చదువుతున్నాడు. "నీలం రెండు" అన్నాడు. ఇమాం సాహెబ్ చెయ్యి నా చేతిలో ఊపిరి పట్టినట్టు ఆగి, మెల్లిగా ఒక్క అంగుళం కిందికి దిగింది.